పుప్పొడి తినాలనుకుంటున్నారా? డబ్బా కొనే ముందు, మూత తీశాక చూసుకోవాల్సినవి

ఈ మధ్య తేనె అమ్మే చోటల్లా సీసాల పక్కన ఇంకో చిన్న డబ్బా పెడుతున్నారు. లోపల ఆవాలకంటే కాస్త పెద్దగా పసుపు, నారింజ, గోధుమ రంగుల్లో గింజలు, పైన 'బీ పోలెన్' అని పేరు. అమ్మేవాళ్లను అడిగితే రక్తం పడుతుంది, జుట్టు ఊడదు, షుగర్ తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి, ఒకటేమిటి, ఒంట్లో ఉన్న ప్రతి రోగానికీ ఇదే మందంటారు. అంత సీన్ లేదు. కానీ పుప్పొడి మంచి ఆహారమే, అందులో అనుమానం లేదు. మంచి సరుకు ఎలా గుర్తుపట్టాలి, ఎంత తినాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్నది వరసగా చెప్తాను, ఆ తర్వాత కొనాలో వద్దో మీరే తేల్చుకోండి.

ముందు, డబ్బాలో ఉన్నదేమిటో తెలుసుకోండి

పువ్వు మీద వాలిన కూలీ తేనెటీగ తన ఒంటికి అంటుకున్న పుప్పొడిని కాళ్లతో దువ్వుకుని, నోట్లోని కాస్త మకరందంతో తడిపి, వెనక కాళ్లకున్న చిన్న గుంటల్లో ముద్దగా అదుముకుని గూటికి తెస్తుంది. తేనె వాటికి శక్తినిస్తే, ప్రొటీన్ మొత్తం ఈ పుప్పొడిలోంచే రావాలి, పిల్ల పురుగుల పెంపకమంతా దీని మీదే నడుస్తుంది. పెంపకందారులు చేసేదేమిటంటే, పెట్టె గుమ్మానికి చిల్లుల పలక ఒకటి బిగిస్తారు. ఆ చిల్లులోంచి ఈగ లోపలికి దూరుతుంది గానీ కాళ్లకున్న ముద్దలు అంచుకు రాసుకుని రాలిపోయి కింద ఉన్న సొరుగులో పడతాయి.

సాయంత్రం పూట ఆ సొరుగు బయటికి లాగి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. ముద్దలన్నీ ఒకే రంగులో ఉండవు, నిమ్మపండు పసుపు ఒకటి, దాని పక్కనే ముదురు నారింజ, మధ్యలో బూడిద రంగువి నాలుగు. ఈగ ఒక విడతలో మామూలుగా ఒకే రకం పువ్వు మీద తిరుగుతుంది కాబట్టి ఒక్కో ముద్ద దాదాపుగా ఒక్కో మొక్కది. వాటి మధ్యలో విరిగిన రెక్క ముక్క, ఒకటి రెండు చీమలు, మైనం పొట్టు కూడా ఉంటాయి. వేలితో నొక్కితే మెత్తగా నలిగి అంటుకుంటుంది, ఎందుకంటే తాజా పుప్పొడిలో 20 నుంచి 30 శాతం దాకా తేమ ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, 40 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఆరబెట్టాకే డబ్బాలోకి వస్తుంది. ఈ ఆరబెట్టడం దగ్గర బద్ధకించినవాళ్ల సరుకే తర్వాత బూజు పడుతుంది, ఆ సంగతి కొనే దగ్గర మళ్లీ చెప్తాను.

లేబుల్ మీది అంకెను టీస్పూన్‌లోకి మార్చండి

నూటికి తొంభై మంది మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద వంద గ్రాముల లెక్క రాస్తారు, మనం తినేది ఒక టీస్పూన్, అంటే సుమారు ఐదు గ్రాములు. కాబట్టి అక్కడ కనిపించే ప్రతి అంకెనూ ఇరవైతో భాగించండి.

వంద గ్రాముల ఎండు పుప్పొడిలో ప్రొటీన్ 10 నుంచి 40 గ్రాముల దాకా, పిండిపదార్థాలు 13 నుంచి 55 దాకా, కొవ్వు 1 నుంచి 13 దాకా ఉంటాయి. ఇంత తేడా ఏమిటని అనుకోకండి, ఏ పువ్వుది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఆవ పువ్వుదీ, మొక్కజొన్నదీ, కొబ్బరిదీ ఒకేలా ఉండవు, ఒకే పెట్టెలో ఈ నెలది, వచ్చే నెలది కూడా ఒకేలా ఉండవు. అందుకే 'మా పుప్పొడిలో ఖచ్చితంగా 35 శాతం ప్రొటీన్' అని ఎవరైనా అంటే, ఏ బ్యాచ్‌కి టెస్ట్ చేయించారో, రిపోర్టు ఏదో అడగండి.

ఇప్పుడు ఇరవైతో భాగిస్తే టీస్పూన్‌కి వచ్చే ప్రొటీన్ అర గ్రాము నుంచి రెండు గ్రాములు, మధ్యరకంగా ఒక గ్రాము వేసుకోండి. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది, గుప్పెడు పల్లీల్లో ఏడు. ప్రొటీన్ కోసమే అయితే ఇంత డబ్బు పోసి పుప్పొడి కొనడం దండగ. శరీరానికి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ ఇందులో ఉన్నాయన్న మాట నిజమే గానీ, ఉన్న గ్రాములోనే అన్నీ ఉన్నాయి, అది మర్చిపోవద్దు.

ఐరన్ సంగతీ అంతే. వంద గ్రాములకు 1 నుంచి 17 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, అంటే ఎంత మంచి సరుకైనా టీస్పూన్‌కి ఒక మిల్లీగ్రాము దాటదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. హిమోగ్లోబిన్ ఎనిమిదిలో ఉన్న అమ్మాయికి డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర మాన్పించి పుప్పొడి పెడితే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే.

మరి ఇందులో నిజంగా బాగున్నదేమిటి అంటే బి విటమిన్లు, ముఖ్యంగా ఫోలేట్. టీస్పూన్‌లో 15 నుంచి 50 మైక్రోగ్రాముల దాకా రావచ్చు, ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 220, కాబట్టి సరుకు బాగుంటే ఐదో వంతు ఇక్కడే వచ్చేసినట్టు. జింకు, మాంగనీసు కూడా కాస్త ఉంటాయి. పసుపు, నారింజ రంగునిచ్చే కెరోటినాయిడ్లు, క్వెర్సెటిన్, రూటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. నన్నడిగితే పుప్పొడికి ఉన్న అసలు విలువ ఈ రంగు పదార్థాల్లోనే ఉంది. బి12 కోసం మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, శాకాహారులకు ఇది బి12 ఇస్తుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ మాట మీద ఆధారపడి మాత్ర మానేయకండి.

ఏ లాభం కోసం తింటున్నారో తేల్చుకోండి

ఒంట్లో వాపును తగ్గిస్తుంది, కాలేయాన్ని కాపాడుతుంది, కొలెస్ట్రాల్ దించుతుంది అని చదివే ఉంటారు. వీటిలో చాలావరకు ల్యాబ్‌లో కణాల మీద, ఎలుకల మీద చూసినవి. ఎలుకకు దాని బరువును బట్టి పెట్టిన మోతాదును మనిషికి లెక్కేస్తే టీస్పూన్ ఏ మూలకూ చాలదు. మనుషుల మీద జరిగినవి తక్కువ, ఉన్నవీ చిన్నవి. రొమ్ము క్యాన్సర్ మందుల వల్ల ఒళ్లు ఆవిర్లు వచ్చే ఆడవాళ్ల మీద జర్మనీలో ఒక చిన్న అధ్యయనం చేశారు, కొందరికి తేనెలో కలిపిన పుప్పొడి, కొందరికి ఉత్త తేనె. రెండు గుంపుల్లోనూ దాదాపు అంతే మందికి తగ్గినట్టు అనిపించింది! అలాగే ప్రోస్టేట్ సమస్యకు పుప్పొడి పనిచేస్తుందని చూపించే పరిశోధనల్లో వాడింది ఎక్కువగా రై అనే గోధుమ లాంటి ధాన్యపు పంట పుప్పొడి నుంచి తీసిన సారం, అది ఫ్యాక్టరీలో మాత్రగా చేసిన సరుకు, మీ డబ్బాలో ఉన్న గింజలతో దానికి పోలిక లేదు.

కాబట్టి ఆహారంలో రకరకాల సూక్ష్మపోషకాలు చేరాలని, రుచి నచ్చి, జేబుకు భారం కాకపోతే తినండి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర మానేయడానికి అయితే వద్దు.

బరువు తగ్గిస్తామని క్యాప్సూల్స్ రూపంలో అమ్మే 'పోలెన్' జోలికి అసలు పోకండి. అలాంటి క్యాప్సూల్స్‌లో సిబుట్రమిన్ అనే మందును లేబుల్ మీద చెప్పకుండా కలిపారని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది. గుండెకు ప్రమాదమని మన దేశంలో 2011లోనే నిషేధించిన మందు అది. గింజ గింజలా కళ్లకు కనిపించే పుప్పొడి కొంటే కనీసం ఈ గొడవ తప్పుతుంది.

మీరు తినొచ్చా లేదా? ఇది మాత్రం దాటేయొద్దు

పుప్పొడి వల్ల జరిగే నష్టాల్లో పెద్దది అలర్జీ, అది మామూలు దురదతో ఆగకపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు, పూల కాలంలో తుమ్ములు, కళ్ల దురదతో బాధపడేవాళ్లు, తేనెటీగ కుడితే ఒళ్లంతా వాచిన అనుభవం ఉన్నవాళ్లు ఇంట్లో సొంతంగా ప్రయోగం చేయొద్దు. మన దగ్గర ఇంకో చిక్కుంది, వయ్యారిభామ. రోడ్డు పక్కన, బీడు పొలాల్లో తెల్లటి చిన్న పూలతో ఎక్కడ పడితే అక్కడ పెరుగుతుంది కదా, దాని పుప్పొడికి పడనివాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉంటారు. తేనెటీగలు దాని మీద కూడా వాలతాయి. పొద్దుతిరుగుడు కూడా అదే కుటుంబం మొక్క, కాబట్టి ఒకటి పడనివాళ్లకు రెండోది కూడా పడకపోవచ్చు.

'పుప్పొడి అలర్జీకి పుప్పొడే విరుగుడు, రోజూ కొంచెం తింటే అలవాటు పడుతుంది' అని ఒక మాట తిరుగుతోంది. డాక్టర్లు ఇచ్చే అలర్జీ చికిత్సలో ఏ పుప్పొడి, ఎంత మోతాదు అన్నది కొలిచి ఇస్తారు, పైగా పక్కనే అత్యవసర మందు పెట్టుకుని ఇస్తారు. డబ్బాలో ఏ పువ్వుది ఎంతుందో అమ్మినవాడికే తెలియదు.

ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదన్నట్టే ఇదీ పెట్టకూడదు. అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండే అవకాశం ఉంది, పసిపిల్లల పేగు దాన్ని తట్టుకోలేదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే ఆపండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఆగడమే మంచిది, వాళ్లకు సురక్షితమని చెప్పేంత ఆధారం లేదు. గుండె కవాటం మార్చిన తర్వాత, లేదా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు, పుప్పొడి తిన్నాక ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే పరీక్ష అంకె) పెరిగిన కేసు వైద్య పత్రికల్లో వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లు అడుగుతుంటారు, తినొచ్చా అని. ఒక టీస్పూన్‌తో పెద్ద తేడా రాదు, దాన్ని నాలుగు చెంచాల తేనెలో కలుపుకుంటేనే సమస్య.

కొనేటప్పుడు ఇలా చూడండి

డబ్బాను అటూ ఇటూ వంచండి. గింజలు ఇసుకలా జలజలా జారాలి. కట్టలు కట్టి ఉంటే తేమ మిగిలిపోయింది అనుకోండి. అడుగున పొడి ఎక్కువగా ఉంటే పాత సరుకో, బాగా దెబ్బలు తిని వచ్చిందో. మూత తీసే వీలుంటే వాసన చూడండి, ఎండిన పూల వాసన, కాస్త గడ్డివాము వాసన ఉండొచ్చు, కానీ ముక్కిపోయిన వాసన, పులిసిన వాసన రాకూడదు. ఒక గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే గట్టిగా తగలాలి, ఇంకా గట్టిగా నొక్కితే పొడి కావాలి. చపాతీ పిండిలా మెత్తగా అణిగిందా, పక్కన పెట్టేయండి, బూజు కంటికి కనిపించకముందే అందులో విషపదార్థాలు తయారై ఉండొచ్చు. కోస్తాలో వానాకాలం గాలికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

రంగులు కలిసి ఉంటే రకరకాల పూలు ఉన్నట్టు. మొత్తం ఒకే పసుపు అయితే అది కల్తీ అని అనుకోనక్కర్లేదు, శీతాకాలంలో రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్ ఆవ చేలల్లో పెట్టెలు పెట్టి తీసింది కావచ్చు, దానికి కాస్త ఘాటు కూడా ఉంటుంది.

తర్వాత అమ్మేవాళ్లను మూడు మాటలు అడగండి: ఏ ప్రాంతానిది, ఏ నెలలో తీశారు, పెట్టెలు ఏ పంట దగ్గర ఉన్నాయి. ఇందులో మూడోది చాలా ముఖ్యం. పత్తి, మిరప చేల పక్కన పెట్టిన పెట్టెల పుప్పొడి నాకు ఉచితంగా ఇచ్చినా తినను, మందు కొట్టే లెక్క మన రైతులకు తెలిసిందే, పువ్వు మీద పడిన మందు నేరుగా ఆ ముద్దలోకి వస్తుంది. కొబ్బరి తోటలు, అడవి అంచులు, కానుగ, వేప, తుమ్మ ఎక్కువున్న చోట్లు నయం. లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు, ప్యాక్ చేసిన తేదీ చూడండి. ప్యాక్ చేసిన తేదీ వేరు, పెట్టెలోంచి తీసిన తేదీ వేరు, రెండోది చెప్పగలిగినవాడి దగ్గర కొంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మొదటిసారి చిన్న ప్యాకెట్టే కొనండి.

మొదటి వారం ఇలా నడిపించండి

పైన చెప్పిన జాబితాలో మీరు లేకపోయినా సరే, మొదటి రోజు ఒకటి రెండు గింజలు మాత్రమే నోట్లో వేసుకుని కరగనివ్వండి. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నప్పుడు, పగటి పూట వేసుకోండి, రాత్రి పడుకోబోయే ముందు వద్దు. నోట్లో దురద, పెదవి తిమ్మిరి, గొంతులో గరగర, దద్దుర్లు, ఏది వచ్చినా అంతటితో ఆపేయండి, రేపు ఇంకోసారి చూద్దాం అని అనుకోవద్దు. పెదవులు, నాలుక వాచడం, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం వస్తే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసుకుని కూర్చోవద్దు, ఆ స్థితిలో పనిచేసేది ఆస్పత్రిలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఏమీ కాకపోతే రోజూ కొన్ని గింజలు పెంచుకుంటూ వారం చివరికి పావు టీస్పూన్, రెండో వారంలో అర, ఆ తర్వాత ఒక టీస్పూన్. ప్రభుత్వం చెప్పిన మోతాదు అంటూ దీనికి లేదు. కొందరు రోజుకు టేబుల్‌స్పూన్ నిండా తింటారు, అంత తింటే పొట్ట ఉబ్బరం, విరేచనాలు వచ్చేవాళ్లూ ఉన్నారు, టీస్పూన్ దగ్గర ఆగిపోతే ఏ ఇబ్బందీ ఉండదని నా అభిప్రాయం. డబ్బా మారిస్తే పువ్వులు మారినట్టే, కాబట్టి కొత్త డబ్బాను మళ్లీ రెండు గింజలతోనే మొదలుపెట్టండి. ఈ మాట అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

తినే పద్ధతి

పుప్పొడి రేణువుకు పైన చాలా గట్టి తొడుగు ఉంటుంది, మన అరుగుదల రసాలు దాన్ని కరిగించలేవు. లోపలి సరుకు ఆ తొడుగుకున్న సన్నని రంధ్రాల్లోంచే బయటికి రావాలి. అందుకే గింజలు అలాగే మింగేస్తే కొంత వృథా. రాత్రి ఒక టీస్పూన్ గింజల్ని రెండు చెంచాల నీళ్లలోనో, పెరుగులోనో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, తెల్లారేసరికి గింజ విచ్చుకుని పసుపు రంగు ముద్దలా అవుతుంది. లేదా మిక్సీ చిన్న జార్‌లో ఒక్క తిప్పు తిప్పండి, కాకపోతే ఆ పూటకు కావాల్సినంతే, పొడి చేసి నిల్వ ఉంచితే గాలి తగిలి వాసన మారుతుంది.

వేడి దాంట్లో వేయొద్దు. విషమేమీ అవదు గానీ విటమిన్లు పోయాక ఇంత ఖరీదు పెట్టి కొన్నది ఎందుకు? రాగి జావలో వేసుకోవాలంటే జావ గోరువెచ్చగా అయ్యాక వేయండి. రుచి మొదట పిండిలా, తర్వాత కాస్త తీపి, చివర్లో చిరుచేదు. అరటిపండుతో బాగా కలుస్తుంది, చిక్కటి మజ్జిగలో ఆ చేదు తెలియదు, బొప్పాయి ముక్కల మీద చల్లుకున్నా బాగుంటుంది. తేనెలో కలుపుకోవాలంటే నాలుగు వంతుల తేనెకు ఒక వంతు పుప్పొడి పొడి, తడి తగలని సీసాలో. ఇంట్లో నీళ్లు, పంచదార పోసి పులియబెట్టి 'బీ బ్రెడ్' (ఈగలు గూట్లో పులియబెట్టుకునే పుప్పొడి) చేసుకోమనే వీడియోలు వస్తున్నాయి, గూట్లో ఈగలు చేసే పనిని మనం గాజు సీసాలో చేయబోతే ఎక్కువసార్లు మిగిలేది బూజే.

మీ దగ్గరే పెట్టెలు ఉంటే

రోజూ ట్రాప్ (ముందు చెప్పిన చిల్లుల పలక, సొరుగు) పెట్టొద్దు, రెండు మూడు రోజులు పెట్టి మళ్లీ అన్నే రోజులు తీసేయండి, లేకపోతే పిల్ల పురుగులకు తిండి చాలక గూడు బలహీనపడుతుంది. ఇటాలియన్ ఈగలు ఓర్చుకుంటాయి గానీ మన నాటు ఈగలు విసుగొస్తే గూడే వదిలేసి పోతాయి. సొరుగు ప్రతి సాయంత్రం ఖాళీ చేయండి. ఎండలో ఆరబోయకండి, రంగుతోపాటు లోపలున్నవీ పోతాయి, నీడలో గాలి ఆడేలా పలచగా పరచండి, డ్రయర్ ఉంటే 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. తర్వాత చేటలో చెరిగి రెక్కలు, పొట్టు తీసేసి, రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు గుడ్లు చస్తాయి. చుట్టుపక్కల ఎవరైనా మందు కొడుతున్నారని తెలిస్తే ఆ వారం ట్రాప్ జోలికే వెళ్లొద్దు.

నిల్వ

గాజు సీసా, బిగుతు మూత, వెలుతురు తగలని చోటు. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచండి, పొడి చెంచానే వాడండి. ఫ్రిజ్ లోంచి తీసిన సీసాను వెంటనే తెరిస్తే గాలిలోని తేమ గింజల మీద చేరుతుంది, ఆ రోజుకు కావాల్సింది తీసుకుని టక్కున మూసేయండి. మూడు నాలుగు నెలల్లో అయిపోయేంతే కొనుక్కోండి. గింజలు అతుక్కున్నా, రంగు వెలిసినా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఎండలో పెట్టి బాగుచేసే ప్రయత్నం చేయకండి, పారేయండి. మొక్కల కుండీలో వేసి పైన మట్టి కప్పినా సరే.